దీనబంధు అడిగిన ఆదివారం

1880లలో బొంబాయి మిల్లు కార్మికుడికి సూర్యుడే గడియారం. పొద్దు పొడవగానే యంత్రాలు కదిలేవి, పొద్దుగూకితే ఆగేవి. ఎండాకాలం పగలు పొడుగు కాబట్టి చాకిరీ కూడా పొడుగే. పదమూడు, పద్నాలుగు గంటలు. మధ్యాహ్నం కూటికోసం యంత్రం ఆగదు. పక్కవాణ్ణి కాస్త చూడమని చెప్పి, పత్తి నుసి రాలుతున్న మూలనే కూర్చుని నాలుగు ముద్దలు మింగి రావాలి. జీతం ఎప్పుడో నెల తిరిగాక చేతికొస్తుంది. అంతదాకా షావుకారు అప్పే దిక్కు.

ఈ గోడు అప్పటి పేరున్న పత్రికలకు పెద్దగా పట్టలేదు. ఫ్యాక్టరీ చట్టం మాటెత్తితే చాలు, స్వదేశీ మిల్లుల గొంతు నులమడానికి మాంచెస్టర్ దొరలు పన్నిన కుట్ర అని జాతీయవాద పత్రికలు మండిపడేవి. అందులో నిజం లేకపోలేదు. లాంకషైర్ మిల్లుదార్లది బొంబాయి కూలీ మీద జాలి కాదు, బొంబాయి బట్ట మీద భయం. అయినా వీళ్లిద్దరి కొట్లాటలో కూలీ మాట ఎవరు వినిపించాలి?

ఆ పని నెత్తినేసుకున్నది ఒక చిన్న మరాఠీ వారపత్రిక, దీనబంధు. సంఘసంస్కర్త జోతిరావు ఫూలే పెట్టిన సత్యశోధక సమాజానికి చెందిన కృష్ణారావు భాలేకర్ 1877లో పుణెలో దాన్ని మొదలుపెట్టారు. రైతులూ కూలీలూ చదివే పత్రికకు చందాలెక్కడ రాలతాయి? మూడేళ్లకే నడపలేక చేతులెత్తేశారు. 1880లో నారాయణ్ మేఘాజీ లోఖండే దాన్ని బొంబాయికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఆయన ఠాణాలో పుట్టినవాడు, మాండవీలోని ఒక మిల్లులో స్టోర్‌కీపరుగా చేసినవాడు. మిల్లు లోపలి సంగతులు ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక్కడ తెలుగువాళ్లు కాసేపు ఆగాల్సిన ముచ్చటొకటి ఉంది. నిజాం రాజ్యం నుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లిన మన కామాఠీలు కట్టిన నగరం బొంబాయి. కామాఠీపురా పేరు వాళ్ల మీదుగా వచ్చిందే. వాళ్లలో కొందరు ఇళ్ల కట్టుబడి గుత్తలు పట్టి నాలుగు రూపాయలు వెనకేసుకున్నారు. జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటివాళ్లు ఫూలే వెంట నిలిచారు. సత్యశోధక సమాజానికి 1200 రూపాయల అచ్చు యంత్రం కానుకగా ఇచ్చింది ఈ బొంబాయి తెలుగువాళ్లే. కూలీల చేత పని చేయించే గుత్తేదార్లు కూలీల పక్షం మాట్లాడే ఉద్యమానికి డబ్బివ్వడం కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. కానీ లాభం ముఖం చూడని పత్రికలను ఎప్పుడైనా ఇలాంటి చేతులే బతికించాయి.

1884లో ప్రభుత్వం ఫ్యాక్టరీ కమిషన్ వేసింది. సెప్టెంబరు 23న, 26న లోఖండే పరేల్‌లో కార్మికుల సభలు పెట్టి, 5,500 మంది పేర్లతో అర్జీ తయారుచేశారు. అందులో అడిగినవి గొంతెమ్మ కోరికలేం కావు. ప్రతి ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పొద్దున ఆరున్నర నుంచి పొద్దుగూకే దాకానే పని, నెల జీతం పై నెల 15వ తేదీలోగా, దెబ్బ తగిలితే పరిహారం. బొంబాయి మిల్‌హ్యాండ్స్ అసోసియేషన్ పుట్టిందీ ఆ ఏడే. ఆ సంఘానికి సభ్యుల చిట్టా లేదు, నిధి లేదు, నిబంధనలు లేవు. ఉన్నదల్లా లోఖండే, ఆయన పత్రిక.

ఆదివారమే ఎందుకు? అది ఖండోబా వారం కదా అని లోఖండే వాదించారని మరాఠీ నాట చెప్పుకుంటారు. ఖండోబా అంటే మనకు పరాయి దేవుడేం కాదు, మన మల్లన్నే. కొమురవెల్లిలో సంక్రాంతి దాటాక ఆదివారాల్లోనే జాతర కిక్కిరుస్తుంది.

1890 ఏప్రిల్ 24న జరిగిన సభకు పదివేల మంది వచ్చారు. ఇద్దరు ఆడకూలీలు లేచి మాట్లాడారు. ఆ రోజుల్లో! జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. మరుసటేడు ఫ్యాక్టరీ చట్టంలోకి వారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం ఎక్కాయి.

అలాగని దీనబంధు అన్నిటికీ తెగించిన పత్రికేం కాదు. 1883లో ఫూలే రైతుల బతుకు మీద రాసిన 'షేత్కర్యాచా అసూడ్' (రైతు కొరడా) రెండు అధ్యాయాలు అచ్చేసి, ఆపై ఆపేసింది. సర్కారు మీదా పురోహితుల మీదా ఫూలే ఝళిపించిన కొరడాకు లోఖండే జంకారు. గురువుకు కోపం వచ్చింది. వారం వారం పత్రిక తేవాల్సినవాడి భయాలు వేరు, పుస్తకం రాసేవాడి తెగువ వేరు. నాకైతే లోఖండేని తప్పుపట్ట బుద్ధికాదు, ఫూలేని కాదనడానికీ నోరు రాదు.

1897లో బొంబాయిని ప్లేగు ఊడ్చేసింది. రోగుల సేవలో తిరిగిన లోఖండేని ఫిబ్రవరి 9న అదే రోగం తీసుకుపోయింది. మరో నెలకు పుణెలో సావిత్రీబాయి ఫూలేని కూడా. పత్రిక మాత్రం ఆగలేదు. వాసుదేవ్ బిర్జే సంపాదకుడయ్యారు, ఆయనా పోయాక ఆ కుర్చీలో ఆయన భార్య తానూబాయి కూర్చున్నారు. చిన్నప్పుడు ఫూలే బడిలో అక్షరాలు దిద్దుకున్నావిడ.