అడిగిన చేయి, ఆసు పోసిన చేయి: భూదాన్ పోచంపల్లి సందర్శన - స్థానికచరిత్ర

వ్యాససంగ్రహం:
యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లికి సందర్శకులు మూడు పనుల మీద వస్తారు. చేనేత వస్త్రాలు కొనడం, చెరువు పరిసరాల్లో ఒక పూట గడపడం, భూదానోద్యమం మొదలైన చోటును చూడటం. ఈ మూడింటినీ కలిపి ఒక స్థానికచరిత్ర పాఠంగా చదవడం ఈ వ్యాసం లక్ష్యం. భూమికి, బట్టకు సంబంధించిన రెండు స్మృతుల్లోనూ పేర్లు నిలిచినవారెవరు, నిలవనివారెవరు అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: పోచంపల్లి, భూదానోద్యమం, చిటికి, ఆసు, భౌగోళిక గుర్తింపు, స్థానికచరిత్ర, పర్యాటకం.

1. ఉపోద్ఘాతం:
శాసనాలు, కైఫీయతులు, స్థలపురాణాలు, గ్రామనామాలు ఆధారంగా స్థానికచరిత్రను నిర్మించడం తెలుగు పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. అయితే నేడు ఒక ఊరి చరిత్ర ఎక్కువమందికి చేరుతున్నది గ్రంథాల ద్వారా కాదు, ఆ ఊరికి చేసే ఒక్కపూట ప్రయాణం ద్వారా. సందర్శకుడు ఎక్కడ ఆగుతాడు, ఏమి కొంటాడు, ఎవరి విగ్రహం ముందు నిలబడతాడు అన్న అంశాలే అతని మనసులో ఆ ఊరి చరిత్రకు రూపునిస్తాయి. కాబట్టి సందర్శన మార్గాన్ని కూడా చారిత్రక ఆకరంగా పరిశీలించవలసి ఉంది. అందుకు పోచంపల్లి తగిన ఉదాహరణ.

2. ఊరు - గుర్తింపులు:
పోచంపల్లి హైదరాబాదుకు తూర్పుదిశలో సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2016 జిల్లాల పునర్విభజనకు ముందు ఇది నల్లగొండ జిల్లాలో భాగం. ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి వెళ్లగలిగే దూరం కావడం సందర్శకుల రాకకు ఒక కారణం. చెరువు, వినోబా మందిరం, 'నూట ఒక్క దర్వాజల ఇల్లు'గా ప్రసిద్ధమైన పాత భవంతి, మగ్గాలున్న ఇళ్లు, వస్త్ర దుకాణాలు వారు సాధారణంగా చూసే చోట్లు. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది.

ఈ ఊరికి రెండు గుర్తింపులున్నాయి. పేరుకు ముందు చేరిన 'భూదాన్' ఒక ఉద్యమాన్ని గుర్తుచేస్తుంది. చీరకు ముందు చేరిన 'పోచంపల్లి' ఒక నేతపనిని గుర్తుచేస్తుంది. మొదటిది ఊరికి వచ్చిన పేరు, రెండవది ఊరు ఇచ్చిన పేరు.

3. భూమి - 1951 ఏప్రిల్ 18:
నిజాం పాలనలో దొరల ఆధిపత్యం, వెట్టిచాకిరి, కౌలుదార్ల బేదఖళ్లు తెలంగాణ సాయుధ పోరాటానికి నేపథ్యం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949లో జాగీర్దారీ రద్దు, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చినా, నల్లగొండ ప్రాంతంలో భూమి సమస్య చల్లారలేదు. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపంలోని శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి కాలినడకన వచ్చిన వినోబా భావే, తిరుగు ప్రయాణానికి ముందు ఈ కల్లోలిత ప్రాంతంలో పాదయాత్ర చేయాలని నిశ్చయించుకున్నారు. ఆ క్రమంలో ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు.

అక్కడి దళిత కుటుంబాలవారు తమకు బతుకుదెరువుగా భూమి కావాలని ఆయనను అడిగారు. ఎంత కావాలన్న ప్రశ్నకు, తరి 40 ఎకరాలు, ఖుష్కి 40 ఎకరాలు, మొత్తం 80 ఎకరాలని లెక్క చెప్పారు. ప్రభుత్వానికి విన్నవించాలన్న ఆలోచన చేసిన వినోబా, గ్రామస్థులలో ఎవరైనా ఇవ్వగలరా అని కూడా సభలో అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. భూదానోద్యమానికి అదే ఆరంభం. తెలంగాణలో 51 రోజులపాటు సాగిన ఆ యాత్రలో సుమారు 12 వేల ఎకరాల భూదానం లభించింది.

ఈ ఘటనాక్రమాన్ని గమనిస్తే, దానానికి ముందు ఒక అడగడం ఉంది. ఆ అడిగినది కూడా అస్పష్టమైన ప్రార్థన కాదు. తరి ఎంత, ఖుష్కి ఎంత అన్న విభజనతో కూడిన, సాగు తెలిసినవారి లెక్క. 'దానం' అనే పదం ఉద్యమానికి పేరైనప్పుడు వాక్యానికి కర్త దాత అయ్యాడు, అడిగినవారు సంప్రదానంగా మిగిలారు. దానమంటే సమంగా పంచుకోవడమేనని వినోబా స్వయంగా వివరించినా, జనవ్యవహారంలో ఆ పదానికి ఉన్న అర్థచ్ఛాయ మారలేదు. దేశవ్యాప్తంగా దానంగా వచ్చిన భూమిలో కొంత సాగుకు పనికిరాక, కొంత వివాదాల్లో చిక్కుకొని, కొంత పంపిణీ కాక మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన, గ్రామదాన చట్టం చేయవలసి రావడం, ఇచ్చిన మాట హక్కుగా మారడానికి శాసనం అవసరమైందని తెలుపుతుంది.

4. బట్ట - చిటికి, ఆసు:
'ఇకత్' అన్న అంతర్జాతీయ పదం కట్టడం అనే అర్థమున్న మలయ్-ఇండోనేషియా ధాతువునుంచి వచ్చింది. నేతగాళ్ల వ్యవహారంలో ఈ పనికి 'చిటికి' అన్న మాట ఉంది. నేసిన బట్టపై అద్దకం వేయడం ఇందులో లేదు. నేయడానికి ముందే నూలును అనుకున్న చోట్ల గట్టిగా కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ పని సాగుతుంది. పడుగును మాత్రమే, పేకను మాత్రమే, లేదా రెండింటినీ ఇలా సిద్ధం చేయవచ్చు. రెండూ కలిసిన జంట ఇకత్‌లో మగ్గంపై పడుగులోని రంగు మీదికి పేకలోని రంగు సరిగా వచ్చి కూర్చోవాలి.

చీరాల ప్రాంతపు తేలియా రుమాళ్ల సంప్రదాయానికి, పోచంపల్లి, పుట్టపాక ప్రాంతాల నేతకు సంబంధముంది. మొదట నూలుపై ఆధారపడిన పోచంపల్లి నేత తర్వాతి కాలంలో పట్టుకు విస్తరించింది.

పేక ఇకత్‌కు మూలం ఆసు పోయడం. అర్ధవృత్తాకారపు చట్రంపై ఉన్న మేకుల మీదుగా పోగును చేతితో ఇటూ అటూ తిప్పుతూ పరచాలి. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలవలసి ఉంటుందని చెబుతారు. ఈ పని ప్రధానంగా ఇంటి స్త్రీలది. 'ఆసులో కండెలా తిరగడం' అనే తెలుగు పలుకుబడి, విరామం లేని తిరుగుడును ఈ వృత్తినుంచే గ్రహించింది. పలుకుబడి భాషలో నిలిచింది గాని, ఆ చేతుల భుజాల నొప్పి మాత్రం చరిత్రకెక్కలేదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి పడుతున్న బాధను చూసి ఆసు యంత్రాన్ని రూపొందించారు. దానికి తల్లి పేరుమీద 'లక్ష్మీ ఆసు యంత్రం' అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ ప్రాంతపు నేతచరిత్రలో ఆసు పోసిన ఒక స్త్రీ పేరు ప్రజలకు తెలిసేలా నిలిచింది ఆ యంత్రం ద్వారానే.

5. అంగడి - గుర్తింపు, అనుకరణ:
2004-05లో పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు ఒక వ్యక్తికి కాక ఒక ప్రాంతపు ఉత్పత్తిదారులకు చెందుతుంది. పోచంపల్లి పేరుతో చెలామణి అయ్యే వస్త్రాలు ఆ ఒక్క ఊరిలోనే తయారు కావు. చుట్టుపక్కల గ్రామాల మగ్గాలు కూడా ఆ పేరులో ఉన్నాయి. అయితే చట్టం పేరును కాపాడగలదు గాని, కొనేవాని కంటికి శిక్షణ ఇవ్వలేదు. ఇకత్ నమూనాను యంత్రంపై అచ్చువేసిన బట్ట చాలా తక్కువ ధరకు దొరుకుతుంది.

ఈ రెండింటినీ వేరుచేసే గుర్తులు నేతపనిలోనే ఉన్నాయి. పోగుకే రంగు పట్టినందువల్ల అసలు ఇకత్ రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అచ్చుబట్ట వెనుకవైపు సాధారణంగా వెలిసినట్లుంటుంది. అసలు ఇకత్‌లో నమూనా అంచులు కొద్దిగా చెదిరినట్లు, ఈకల్లా ఉంటాయి. అచ్చుబట్టలో అవి కత్తిరించినట్లు ఉంటాయి. చెదిరిన ఆ అంచు లోపం కాదు, చేయి కదిలిన జాడ. దుకాణంలో బట్టను తిరగేసి చూసే సందర్శకుడు తెలియకుండానే ఒక ఆకరాన్ని పరీక్షిస్తున్నాడు. అతని కొనుగోలు మగ్గానికి పని మిగులుస్తుందా లేదా అన్నది ఆ పరీక్షపైనే ఆధారపడి ఉంటుంది.

6. రెండు స్మృతులు - ఒకే ఖాళీ:
భూదాన కథనంలో ప్రధానంగా రెండు పేర్లు వినిపిస్తాయి. స్వీకరించిన వినోబా, ఇచ్చిన రామచంద్రారెడ్డి. అడిగినవారు ఒక సమూహంగానే మిగిలారు. వస్త్రకథనంలో ఊరిపేరు వినిపిస్తుంది, నేతగాని నైపుణ్యం కొంత వినిపిస్తుంది. ఆసు పోసినవారు ఇంటిపనిలో కలిసిపోయారు. ఈ రెండు ఖాళీలు ఒకే స్వభావం గలవని చెప్పడం సరికాదు. మొదటిది కులం, భూమిలేమి వల్ల ఏర్పడింది. రెండవది శ్రమను ఇంటిలో భాగంగా లెక్కించడం వల్ల ఏర్పడింది. నేతవృత్తిలోని పద్మశాలీల జీవితం, భూమిలేని దళిత కూలీల జీవితం ఒకే ఊరిలో వేర్వేరు ఆర్థిక మార్గాల్లో సాగాయి. అయినా ఫలితం ఒక్కటే. కార్యాన్ని ప్రారంభించిన చేయి కథలో చివరకు కనిపించకుండా పోయింది.

పర్యాటకం ఈ ఖాళీని తగ్గించనూగలదు, పెంచనూగలదు. చీరను ఇంటికి తీసుకువెళ్లవచ్చు, చెరువును ఫొటో తీసుకోవచ్చు. 80 ఎకరాలు కావాలన్న మాటను మాత్రం కొనలేము, ఫొటో తీయలేము. దానిని చెప్పడం ద్వారానే నిలపాలి. వస్తువున్న చరిత్ర తనను తాను చూపుకుంటుంది. వస్తువు లేని చరిత్రకు కథకుడు కావాలి.

7. ముగింపు:
పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి.
1. పోచంపల్లిలో భూమి, బట్ట అనేవి రెండు విడి ప్రదర్శనాంశాలు కావు. ఒకే ఊరి సామాజికచరిత్రలోని రెండు పార్శ్వాలు.
2. భూదానం కథను దాతతో కాక అడిగినవారి లెక్కతో మొదలుపెడితే, ఆ ఘటన సాయుధ పోరాట నేపథ్యంలోని భూమి ప్రశ్నలో భాగంగా అర్థమవుతుంది.
3. భౌగోళిక గుర్తింపు ఊరిపేరుకు రక్షణ కల్పించింది. ఆసు పోయడం వంటి పూర్వరంగ శ్రమను నమోదు చేయవలసిన బాధ్యత స్థానికచరిత్రకారులది.
4. భూమి పొందిన కుటుంబాల తరతరాల జ్ఞాపకాలను, ఆసు పోసిన వృద్ధస్త్రీల వృత్తిపదాలను మౌఖికచరిత్రగా సేకరించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. ఆ పదాలు పలికే తరం వయసు మీరుతున్నందున ఇది వాయిదాకు వీలున్న పని కాదు.