రావేలో పుట్టిన పాటల పెట్టె

నాది ఇంగ్లీషు మీడియం చదువు. అరవై దాటాక అక్షరాలు దిద్దుకుంటున్నాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

మా న్యూజెర్సీలో రావే అనే ఊరుంది. తెలుగులో రాస్తే ఆ పేరు మనల్ని దగ్గరికి పిలిచినట్టు ఉంటుంది. ఈసారి కథ ఆ ఊరిది.

మొదట్లో పాటల పెట్టెలో ఒక ఇత్తడి గొట్టం ఉండేది. దాని మీద వందలకొద్దీ సన్నని ముళ్ళు. గొట్టం తిరిగినప్పుడు ఆ ముళ్ళు ఒక ఉక్కు దువ్వెన పళ్ళను మీటేవి. పొడుగు పన్నుది కింది స్వరం, పొట్టి పన్నుది పై స్వరం. స్విట్జర్లాండ్ పనివాళ్ళు వీటికి పేరు పొందారు. కానీ ముళ్ళు గుచ్చడం చాలా ఓపికతో చేసే పని, అందుకే ఖరీదు ఎక్కువ. పైగా చాలా పెట్టెల్లో గొట్టం మార్చే వీలు లేదు. ఉన్న నాలుగు పాటలే మళ్ళీ మళ్ళీ వినాలి.

1880లలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పాల్ లోఖ్‌మన్ కంపెనీ గొట్టం బదులు గుండ్రటి రేకు పెట్టింది. ఆ పెట్టె పేరు సింఫోనియాన్. అక్కడ పనిచేసిన గుస్టావ్ బ్రాఖ్‌హౌజెన్, పాల్ రీస్నర్ బయటికి వచ్చి పాలీఫాన్ మొదలుపెట్టారు. 1892లో బ్రాఖ్‌హౌజెన్ అమెరికా వచ్చి జెర్సీ సిటీలో రెజీనా కంపెనీ పెట్టాడు. లాటిన్‌లో రెజీనా అంటే రాణి. తర్వాత కంపెనీ రావేకి మారింది.

ఇది ఎలా పనిచేస్తుంది? రేకును మరతో పొడిస్తే అడుగు వైపు చిన్న చిన్న కొక్కేలు వస్తాయి. కీ ఇస్తే స్ప్రింగు బిగుసుకుంటుంది, రేకు తిరుగుతుంది. కొక్కెం దువ్వెనను తాకదు. మధ్యలో నక్షత్రం లాంటి చిన్న చక్రం ఉంటుంది. కొక్కెం ఆ చక్రాన్ని కొంచెం తిప్పుతుంది, చక్రం మొన పన్నును మీటుతుంది. వేగం సమంగా ఉండడానికి లోపల ఒక చిన్న రెక్క గిర్రున తిరుగుతుంది. కొత్త పాట కావాలా? రేకు మార్చితే చాలు.

నేను మొదట "పన్నును కొడుతుంది" అని రాశాను. గుడిలో నాతో పూలు కట్టే పెద్దావిడ చదివి, "వీణని కొడతామా అమ్మా? మీటుతాం" అన్నారు. అలా ఒక మాట వచ్చింది.

రేకు అనగానే నాకు తిరుమల గుర్తొచ్చింది. అన్నమయ్య పాటలను రాగి రేకుల మీద చెక్కించారు కదా. ఆ రేకులకు కీ ఇస్తే పాట రాదు. చదవగలిగే మనిషి కావాలి. రెజీనా రేకుకు చదువుతో పనిలేదు. చాలా ఏళ్ళు నేను ఆ రెండో రకం. ఎవరో నేర్పిన శ్లోకం అప్పజెప్పేదాన్ని, ఒక్క అక్షరం గుర్తుపట్టలేకపోయేదాన్ని.

రెజీనా సుమారు లక్ష పెట్టెలు చేసింది. కానీ రావేకి కొద్ది మైళ్ళ దూరంలోనే, మెన్లో పార్కులో, 1877లోనే ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టాడు. మన వాళ్ళు ఎంతోమంది ఉండే ఎడిసన్ టౌన్‌షిప్‌లోనే ఆ చోటు ఉంది. మొదట్లో దాని శబ్దం గరగరమనేది, పాటల పెట్టె నాదమే తియ్యన. అయినా ఫోనోగ్రాఫ్ మెరుగుపడిన కొద్దీ జనం అటే వెళ్ళారు, ఎందుకంటే అందులో మనిషి గొంతు ఉంది. 1920ల మొదట్లో రెజీనా పాటల పెట్టెలు ఆగిపోయాయి. ఆ పేరు వాక్యూమ్ క్లీనర్ల మీద మిగిలింది.

మారిస్‌టౌన్‌లోని మారిస్ మ్యూజియంలో ఇలాంటి పెట్టెలు ఉన్నాయి, పిల్లల్ని తీసుకెళ్ళండి.

నేనైనా గొంతునే ఎంచుకుంటాను. మా అమ్మ మాట్లాడిన క్యాసెట్ ఒకటి నా దగ్గర ఉంది. అందులో ఆవిడ తెలుగులో అడుగుతుంది, నేను ఇంగ్లీషులో జవాబు చెప్తాను. మొదటి మాట "ఇటు రావే". ఇప్పుడు ఆ టేపు వేసినప్పుడల్లా "వస్తున్నానమ్మా" అంటున్నాను.