ధర్మపురి మట్టి ఇల్లు: నది, అడవి, శ్రమ

తెలుగు సాహిత్య చరిత్రలో ధర్మపురి అనగానే శేషప్పకవి, ఆయన నరసింహ శతకం స్ఫురిస్తాయి. గోదావరి దక్షిణవాహినిగా సాగే తీర్థంగా, లక్ష్మీనరసింహ క్షేత్రంగా ఆ ఊరు ప్రసిద్ధం. క్షేత్రం చుట్టూ అల్లుకొన్న సామాన్యుల ఇళ్లూ చారిత్రక పరిశీలనకు అర్హమైనవే. పరిసర ప్రకృతితో పొసగే చిన్న ఇల్లు వాస్తుశిల్పులకు ఆదర్శమైన ఈ కాలంలో ఉత్తర తెలంగాణ మట్టి ఇంటిని అందుకు నమూనాగా చూపడం సహజం. అయితే ఆ ఇంటిని తరతరాలుగా నిలిపినవి ఏటేటి మరమ్మతు, దాని వెనుక ఉన్న శ్రమసంబంధాలు. వాటిని విడిచి ఆకృతిని మాత్రమే స్వీకరించడం చరిత్రను సగమే చదవడం.

నిర్మాణం – పదజాలం

నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి, దాని నాలుగు వైపుల వసారాలు, అర్రలు గల ఇంటిని ఈ ప్రాంతంలో ‘భవంతి’ అంటారు. కోస్తాలోని మండువా లోగిలి దీనికి సోదరి. బృహత్సంహితలో వరాహమిహిరుడు వర్ణించిన చతుశ్శాలకూ ఇది సన్నిహితమే. కాని భవంతి కలవారి ఇల్లు. చిన్న రైతుకూ చేతివృత్తుల వారికీ ఒకటి రెండు అర్రలు, ముందు అరుగు, పక్కన పశువుల కొట్టం, వెనుక పెరడు ఉండేవి. రెండింటి సామగ్రి మాత్రం ఒకటే: మట్టిగోడ, టేకు దూలం, వెదురు, గూనపెంక, జాజు, సున్నం.

వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండను మందపాటి మట్టిగోడ పగలంతా నిలువరిస్తుంది. పెంకల సందుల గుండా వేడిగాలి పైకి పోతుంది. ముందుకు చాచిన చూరు గోడను వానజల్లు నుండి కాపాడుతుంది. కుమ్మరి సారెపై గొట్టంలా మలచి, నిలువునా చీల్చి కాల్చిన పెంక స్థానికమైన మట్టి నుండే పుడుతుంది. ఇల్లు కూలినా గోడమన్ను మరో గోడకో చేనుకో చేరుతుంది.

శ్రమ – అడవి

ఈ ఇల్లు ఒకసారి కట్టి మరచిపోయేది కాదు. మిరుగుకు ముందే కోతులు, పిల్లులు కదిపిన పెంకలను సర్దాలి. వానకు కరిగిన గోడకు మన్ను మెత్తాలి. నేలకు అలుకు, వాకిట సాన్పు నిత్యకృత్యాలు. అవి స్త్రీల పనులు. పెంకలు కుమ్మరివి, దూలాలు, దర్వాజలు వడ్లవారివి, రాతిపని వడ్డెరలది. ఈ సేవలకు పంటకాలంలో గింజలు ముట్టేవి. నిజాం పాలనలో దొరల గడీలకు చేసే పని వెట్టిగా సాగేది. మట్టి ఇంటి ‘చౌక’లో ఈ కూలి లెక్కకు రాలేదు.

కలప లెక్క కూడా ఇటువంటిదే. గోదావరి ఆవలి ఆదిలాబాదు అడవులు టేకుకూ వెదురుకూ నెలవు. నిజాం ప్రభుత్వం వాటిని రిజర్వు చేసినపుడు గోండుల పోడు, నివాసం ప్రశ్నార్థకమయ్యాయి. ఆ సంఘర్షణ 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణానికి దారితీసింది. అనంతరం హైమెన్‌డార్ఫ్ గోండుల జీవనాన్ని అధ్యయనం చేసి 1948లో గ్రంథంగా వెలువరించాడు. కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది. 2012లో పులుల రక్షితప్రాంతమైంది. అడవికీ ఇంటికీ మధ్య పూర్వపు దారి మూసుకుపోయింది.

మార్పు

1970ల నుండి గల్ఫ్ వలసల ఆదాయం కరీంనగర్ పల్లెల్లో స్లాబు ఇళ్లకు దోహదం చేసింది. స్లాబు వేసవిలో కొలిమిలా కాగుతుంది. అయినా అది అలుకుపని నుండి స్త్రీకీ, ఏటేటి పెంకల సర్దుబాటు నుండి కుటుంబానికీ విడుదలనిచ్చింది. వెట్టిని చూసిన కుటుంబాలకు అది గౌరవచిహ్నం కూడా. దీనిని కేవలం అభిరుచి పతనంగా భావించడం అన్యాయం.

ఈజిప్టులో 1940లలో హసన్ ఫతీ లక్సోర్ సమీపాన న్యూ గుర్నాను మట్టి ఇటుకలతో నిర్మించాడు. శిల్పం ప్రశంసలు పొందినా, ఎవరికోసం కట్టాడో ఆ గ్రామస్థులలో అధికులు అక్కడికి తరలిరాలేదు. నివసించేవారి అంగీకారం లేని ఆకృతి నిలవదని ఆ అనుభవం తెలుపుతుంది.

ముగింపు

ధర్మపురి పరిసరాల్లో నేడు చిన్న ఇల్లు రూపొందించేవారు మట్టిగోడను, వాకిలిని, చూరును నిస్సంకోచంగా స్వీకరించవచ్చు. వాటితోపాటు ఏటి మరమ్మతుకు న్యాయమైన కూలిని, స్త్రీపురుషుల మధ్య పని పంపకాన్ని, కలపపై అడవిబిడ్డల హక్కును కూడా ఇంటి లెక్కలో చేర్చవలసి ఉంటుంది. పాత ఇల్లు వదిలివెళ్లిన బాకీ అదే.