శబ్ద నిరోధక డ్రమ్స్ గది: కోలార్ బంగారు గనుల నేలలో

డ్రమ్ సెట్ చప్పుడు ఇరుగుపొరుగుకు వినబడకుండా ఇంటి సెల్లార్‌లో కట్టుకునే గదిని శబ్ద నిరోధక డ్రమ్స్ గది అంటారు. గది నేల కింద ఉంటే చప్పుడు దానంతటదే అణిగిపోతుందని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. చుట్టూ ఉన్న మట్టి, గాలిలో వెళ్లే శబ్దాన్ని బాగానే ఆపుతుంది. పునాదిలోకి, పిల్లర్లలోకి దిగిన అదురును మాత్రం ఆపలేదు.

ఈ తేడా కోలార్ బంగారు గనుల (కేజీఎఫ్) పాతకాపులకు అనుభవంలో ఉన్నదే. గని లోతుల్లో ఒత్తిడికి బండ ఉన్నట్టుండి పగలడాన్ని అక్కడ ‘ఎయిర్ బ్లాస్ట్’ అనేవారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. కింద బండ పగిలితే పైన ఇళ్లలో గిన్నెలు గలగలలాడేవి. పెద్ద బ్లాస్టులకు గోడలు బీటలు వారేవి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, గట్టి రాతిలో 5 కిలోమీటర్లు దాటుతుంది. ఈ అదుర్లను అర్థం చేసుకోవడం ఇక్కడ ఒక శాస్త్రమే అయింది. జాతీయ శిలా యాంత్రిక సంస్థను 1988లో కేజీఎఫ్‌లోనే నెలకొల్పారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

అదే రాయిని కాపుగా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 1965లో టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఒసాకా సిటీ, డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ఛాంపియన్ రీఫ్ గనిలోనే సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు పెట్టి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే కణాల జాడ పట్టుకున్నారు. ఆకాశం నుంచి కురిసే మిగతా కణాల గోలను పైనున్న బండ వడకట్టింది. అంటే బరువు ఆపుతుంది, తగులు మోస్తుంది. డ్రమ్స్ గది కట్టడమంటే ఈ రెండు మాటల మధ్య లెక్క చూసుకోవడమే.

ఆపవలసింది ఏమిటి

డ్రమ్ సెట్ గట్టిగా వాయిస్తే 100 డెసిబెళ్లు దాటడం మామూలే. స్నేర్, సింబల్స్ మోత పదునుగా ఉంటుంది గానీ గోడకు లొంగుతుంది. అసలు చిక్కు కాలితో కొట్టే బాస్ డ్రమ్‌తో. దాని అడుగు స్వరం 50 నుంచి 80 హెర్ట్జ్ మధ్య ఉంటుంది; 60 హెర్ట్జ్ అల పొడవు 5.7 మీటర్లు, అంటే చాలా ఇళ్లలో గది కంటే పెద్దది. పైగా ఆ డ్రమ్ కాళ్లు నేలకు నొక్కుకుని ఉంటాయి. పెడల్ తొక్కిన ప్రతిసారీ దెబ్బ నేలలోకి, అక్కడి నుంచి పిల్లర్‌లోకి, పిల్లర్ వెంట పై అంతస్తు మంచం దాకా వెళ్తుంది.

గోడలకు గుడ్ల అట్టలు అంటించడం ఈ విషయంలో అన్నిటికన్నా దండగమారి పని. అట్టకు బరువు లేదు. స్పాంజి పలకలదీ అదే కథ. గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, పక్కింటికి మాత్రం ఏ ఉపకారమూ చేయవు.

గదిలో గది

పనిచేసే పద్ధతి ఒకటే: సెల్లార్ లోపల, దేనికీ తగలకుండా ఇంకో గది. ముందు నేల మీద రబ్బరు దిమ్మెలు పరిచి, వాటిపై ప్లైవుడ్ పొరలతోనో కాంక్రీటుతోనో రెండో నేల వేస్తారు. లోపలి గోడలు ఆ నేల మీదే నిలుస్తాయి. లోపలి కప్పు ఆ గోడల మీదే ఆనుతుంది, పైస్లాబుకు వేలాడదు. గోడకు జిప్సం బోర్డు రెండు పొరలు, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా. రెండు గోడల మధ్య నాలుగంగుళాలైనా సందు, అందులో రాక్‌వూల్ (రాతి ఉన్ని). పొర బరువు రెట్టింపు చేస్తే దక్కేది సుమారు 6 డెసిబెళ్లే; అందుకే ఒకే గోడను లావు చేసుకుంటూ పోయే కంటే రెండు గోడలను విడదీయడం లాభం.

లోపలి గోడ ఇటుకతో కడితే మేస్త్రి పక్కనే నిలబడాలి. తాపీ నుంచి సందులోకి జారి గట్టిపడిన సిమెంటు ముద్ద ఒక్కటి రెండు గోడలనూ కలిపేస్తుంది. పెట్టిన ఖర్చంతా ఆ ముద్ద గుండా కారిపోతుంది. తలుపు విషయమూ అంతే. గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు ఉంటే, గోడ ఎంత గొప్పదైనా ఆపేది 20 డెసిబెళ్లకు మించదు. రాత్రి లోపల లైటు వేసి బయట చీకట్లో నిలబడండి. తలుపు అంచున వెలుగు గీత కనిపించిన చోట చప్పుడూ వస్తుంది.

గాలి రావాలి కాబట్టి, లోపల రాక్‌వూల్ అతికించిన వంకర టింకర గొట్టం పెడతారు. ఇవన్నీ కలిసి ఎత్తులో అడుగుకు పైగానే మింగేస్తాయి. సెల్లార్ ఎత్తు చాలకపోతే తల తగులుతుంది.

కోలార్ నేల

జిల్లాలో చాలాచోట్ల ఎర్రమట్టి, మొరం దాటగానే బండ తగులుతుంది. సెల్లార్ తవ్వకం ఖర్చు అక్కడే పెరుగుతుంది. సెల్లార్ పునాది నేరుగా బండ మీద కూర్చుంటే అదురుకు దారి సుగమం, కాబట్టి రబ్బరు దిమ్మెల విషయంలో పీనాసితనం కూడదు. ఇక నీరు. ఎండిన జిల్లా కదా అని వాటర్‌ప్రూఫింగ్ వదిలేసే రోజులు పోయాయి. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీరు చేరుతున్న చెరువుల పక్కన నీటిమట్టం పైకి వచ్చింది. చెమ్మ తాకిన జిప్సం బోర్డు ఉబ్బి చెడుతుంది.

గని కార్మికుల లైన్ ఇళ్లలో పక్కింటి గోడే మన గోడ, సెల్లార్ మాటే లేదు. అక్కడ జాలీ చర్మాలు వేసిన డ్రమ్స్, కింద టెన్నిస్ బంతులపై నిలిపిన బల్ల నయం. తమటె, పలక వాయించేవారికి ఈ తంటా లేదు. అవి వీధి వాద్యాలు, మంట దగ్గర కాచి బిగువు తెచ్చుకుని ఊరందరికీ వినిపించడానికే పుట్టాయి.

శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. సొంత వాద్యం చప్పుడు ఇంటి సరిహద్దు దగ్గర ఈ హద్దును 5 డెసిబెళ్లకు మించి దాటకూడదు.

బయటికి పోని చప్పుడు లోపలే, వాయించేవాడి చెవుల దగ్గరే ఉంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కన 100 డెసిబెళ్ల మోతను రోజుకు 15 నిమిషాలకు మించి వినకూడదు. గదికి మొదటి ఇటుక తెచ్చే ముందు చెవులకు మఫ్‌లు కొనుక్కోండి.