కుదించిన ప్రోగ్రాము - కల్పిత స్మృతి

గణనయంత్రమున ప్రోగ్రాము నడువవలెనన్న అది ముందు స్మృతిలోనికి రావలెను. ప్రోగ్రాము పెద్దది, స్మృతి చిన్నది అయినచో గతి యేమి? ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున టామ్ కిల్‌బర్న్, ఆయన సహచరులు దీనికి చక్కని ఉపాయము కనుగొనిరి. 1962 డిసెంబరు 7న ప్రారంభోత్సవము జరిగిన వారి అట్లాస్ యంత్రమున శీఘ్రస్మృతి 16,384 పదములు మాత్రమే. దాని వెనుక అయస్కాంతపు డ్రమ్ములలో 98,304 పదములుండెను. సమాచారమును 512 పదముల పుటలుగా విభజించి, ఏ పుట కావలసివచ్చిన దానినే యంత్రము తెచ్చుకొనెడిది. ప్రోగ్రాము వ్రాయువానికి మాత్రము అంతయు ఒకే పెద్ద స్మృతివలె తోచును. దీనినే నేడు వర్చువల్ మెమరీ, అనగా కల్పిత స్మృతి, అనుచున్నాము.

ఇందొక సూక్ష్మము కలదు. చోటు చాలనప్పుడు ఏదో యొక పుటను ఖాళీ చేయవలెను. మార్పు జరిగిన పుటయైనచో డిస్కుపై వ్రాసి భద్రపరుపవలెను. మార్పు లేని ప్రోగ్రాము పుటనైతే నిర్భయముగా పారవేయవచ్చును. దాని మూలప్రతి డిస్కుపైనున్న ఫైలులోనే యున్నది కదా! 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. వంటి వ్యవస్థలు ఈ సౌలభ్యమునే వాడుకొన్నవి. ఒకే ప్రోగ్రామును పలువురు నడిపినను ఆ పుటల ప్రతి ఒక్కటే చాలును.

ఇక కుదింపు కథ వేరు. ఒకసారి వచ్చిన అక్షరవరుస మరల వచ్చినచో దానిని తిరిగి వ్రాయక, "ఇన్ని అక్షరములు వెనుకకు పోయి, ఇన్నిటిని నకలు చేయుము" అని సూచించు పద్ధతిని 1977లో జివ్, లెంపెల్ ప్రకటించిరి. 1989లో ఫ్రాన్సు దేశపు యువకుడు ఫాబ్రిస్ బెల్లార్ ఈ కోవలోనే ఎల్‌జెడ్‌ఎక్స్ఈ అను సాధనమును వ్రాసెను. దానిచే కుదించిన ప్రోగ్రాము నడుపగానే తన్ను తానే విప్పుకొనును. ఫ్లాపీలపై ప్రతి కిలోబైటును లెక్కించుకొను ఆ దినములలో ఇది వరమే. డాస్‌లో కల్పిత స్మృతి లేదు గనుక నష్టమును కానరాలేదు.

అదే పనిని పుటల వ్యవస్థలో చేసి చూడుడు. 1,000 కిలోబైట్ల ప్రోగ్రాము 400కు కుదిరినదనుకొందము. పుట 4 కిలోబైట్లు. కుదించనిచో, మన పనికి 50 పుటలే కావలసినయెడల 200 కిలోబైట్లు చదివిన చాలును. కుదించితిమా, 400 చదివి 250 పుటలనూ విప్పవలెను. విప్పిన పుటలన్నియు యంత్రము దృష్టిలో కొత్తగా వ్రాసినవే. ఆ రూపమున వాటి మూలప్రతి ఎచ్చటను లేదు. పారవేయ వీలులేదు, స్మృతి చాలనిచో డిస్కుపై మరొకచోట దాచవలెను. డిస్కుపై ఆదా చేసిన చోటు డిస్కుపైననే ఖర్చగుట వింతగా లేదా? ఒకే యంత్రముపై పదిమంది నడిపినచో పది ప్రతులు!

విప్పు పనిని ప్రోగ్రామునకు వదలక, నిర్వహణ వ్యవస్థకే అప్పగించుట మేలైన మార్గము. 1999లో లైనక్సు కొరకు లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన క్రామ్‌ఎఫ్ఎస్ అను ఫైలు వ్యవస్థ ప్రతి పుటను విడివిడిగా కుదించును. కావలసిన పుటను మాత్రమే విప్పవచ్చును. పనియైన పిదప పారవేసి, మరల కావలసినప్పుడు మరల విప్పవచ్చును. అయితే పుట దాటి వెనుకకు చూచుటకు వీలులేదు గనుక కుదింపు కొంత తగ్గును. విప్పిన ప్రతిసారియు ప్రాసెసరుకు శ్రమ. చిన్న పరికరములను నిర్మించినవారు ఈ నష్టమును తెలిసియే అంగీకరించిరి.