అద్దానికి అవతల చిన్నోడు

సూర్యాపేట దగ్గర హైవే పక్క దాబా. మే నెల, మిట్టమధ్యాహ్నం. తెల్ల కారు ఇంజను నడుస్తోంది, ఏసీ నడుస్తోంది, తాళం చెవి స్టీరింగు పక్కనే వేలాడుతోంది. నాలుగు తలుపులకూ లాకు పడిపోయింది. లోపల రెండేళ్ళ పిల్లాడు ఒక్కడే. పెద్దవాళ్ళు దిగీ దిగగానే డ్రైవరు సీట్లోకి పాకి, తలుపు మీది లాకు మీట నొక్కేశాడు.

చుట్టూ మూగిన జనంలో మీరూ ఉన్నారు. అద్దం మీద చెయ్యి పెడితే చల్లగా తగులుతోంది. ఆ చల్లదనం ఉన్నంతసేపే వ్యవధి. ఇంజను ఆగిందా, మూసిన కారులో పది నిమిషాలకే వేడి దాదాపు 10 డిగ్రీలు ఎక్కుతుంది. పసివాళ్ళ ఒళ్ళు పెద్దవాళ్ళకంటే మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా కాగిపోతుంది.

లారీ క్లీనరు ఎవరూ చెప్పకుండానే చక్రాలకు రాళ్ళు అడ్డం పెడుతున్నాడు. పిల్లాడి చెయ్యి గేరు కర్ర మీదే ఉంది మరి. తండ్రి 112కు చెబుతున్నాడు. లారీ డ్రైవరు వీల్‌పానా పట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు, పిల్లాడికి దూరంగా ఉన్న వైపున. ముందద్దం పగిలినా పొరకు అతుక్కుని ఊడిరాదు. పక్కద్దం మూలన గట్టిగా ఒక్క దెబ్బ వేస్తే పలుకులుగా రాలిపోతుంది. "ఇంజను ఆగితే నేనాగ" అంటున్నాడు. ఆగకూడదు కూడా. అప్పుడు అద్దం ఖరీదు లెక్కేసేవాళ్ళ మాట వినకూడదు.

మెకానిక్ వచ్చాడు. తలుపు పైమూల బీడింగు పక్కన గుడ్డ మడిచి పెట్టి, ప్లాస్టిక్ చీలిక దూర్చాడు. ఆ సందులోకి పలచటి గాలి సంచీ. బీపీ మిషను బుడ్డి లాంటిదాన్ని నొక్కుతుంటే సంచీ ఉబ్బుతోంది, తలుపు అంచు వేలు పట్టేంత ఎడమైంది. పాత బళ్ళకైతే అద్దం పక్కన ఇనుప పట్టీ దించేవాళ్ళట. ఇప్పుడు తలుపు లోపలంతా వైర్లు, కొన్నిటికి ఎయిర్‌బ్యాగు కూడా. అందుకే పైనుంచి పొడవాటి కడ్డీ పంపుతున్నాడు, కొనకు రబ్బరు తొడిగి.

పిల్లాడు నవ్వుతూ కడ్డీ పట్టుకున్నాడు.

"గుంజొద్దు బిడ్డా... అమ్మా, అటు పిలువుండ్రి జర!"

నాయనమ్మ అవతలి అద్దాన్ని గాజులతో టకటకలాడించింది. "కన్నా, ఇటు సూడు! నాయనమ్మ దిక్కు సూడు!" వాడు కడ్డీ వదిలి అటు పాకాడు. మీ ఊపిరి మీకే వినిపిస్తోంది. కడ్డీ కొన లోపలి హ్యాండిల్ వెనక్కి జారింది, తప్పింది, మళ్ళీ తగులుకుంది. మెకానిక్ మణికట్టు తిప్పి మెల్లగా లాగాడు.

టక్!

తల్లి పిల్లాణ్ణి ఎత్తుకుంది. మెకానిక్ లోపలికి వంగి ఇంజను ఆపి, తాళం చెవి తీసి తండ్రి చేతిలో పెట్టాడు. ఆ తర్వాతే సంచీలో గాలి తీశాడు.