తెల్ల ఎలుక సాక్ష్యం

ప్రయోగశాలలో పెంచే తెల్ల ఎలుకకు కులం లేదు, మతం లేదు, ఆస్తిపాస్తులు లేవు. దాని సాక్ష్యానికి విలువ వచ్చింది అందువల్లనే. పేదవాడి జబ్బుకు కారణం వాడి సోమరితనమనో, అజ్ఞానమనో, పూర్వజన్మ ఫలమనో, జాతి లక్షణమనో చెప్పడానికి అలవాటు పడినవారికి ఎలుక విషయంలో ఆ మాటలు అక్కరకు రావు. ఒక్క తల్లి కడుపున పుట్టిన రెండు ఎలుకల్లో ఒకటి పుష్టిగా పెరిగి రెండోది చిక్కి శల్యమైతే, ఆ తేడా వాటి తలరాతలో కాక బోనులో పెట్టిన తిండిలోనే వెతకాలి. గర్భిణుల ఆరోగ్యం గురించి ఈ మూగసాక్షి గత నూరేళ్లలో ఏం చెప్పింది? ఆ సాక్ష్యాన్ని సమాజం ఎంతవరకు విన్నది, ఎక్కడ చెవులు మూసుకున్నది? ఇదే ఇక్కడ పరిశీలించదలచిన విషయం.

ఎలుక శాస్త్రరంగంలోకి ఊరికే రాలేదు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో విస్టార్ ఇన్‌స్టిట్యూట్ ఒకే తీరు లక్షణాలున్న తెల్ల ఎలుకలను పెంచి లోకానికి అందించసాగింది. యంత్రయుగం అచ్చుపోసిన విడిభాగాలను తయారుచేసినట్లే శాస్త్రం కోసం అచ్చుపోసిన ప్రాణిని తయారుచేసింది. 1912లో ఇంగ్లాండులో హాప్కిన్స్ ఎలుకలకు శుద్ధిచేసిన మాంసకృత్తులు, కొవ్వు, పిండిపదార్థం, లవణాలు మాత్రమే పెట్టి చూశాడు. కడుపు నిండినా అవి పెరగలేదు. అదే తిండికి కొద్దిపాటి పాలు చేర్చగానే పెరిగాయి. కడుపు నిండడం వేరు, ఒళ్లు నిలవడం వేరు అని ఆ విధంగా రుజువైంది. గంజితోనూ కారం మెతుకులతోనూ పొట్ట నింపుకుని పొలానికి పోయే కూలికి ఈ సత్యం అనుభవంలో తెలిసిందే. శాస్త్రం దానికి తూనికను, కొలతను ఇచ్చింది.

మన దేశంలో ఈ పని నీలగిరి కొండల్లోని కూనూరులో మొదలైంది. 1918లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక గదిలో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధన ప్రారంభించాడు. 1928 నాటికి అది పోషకాహార పరిశోధనశాలగా ఎదిగింది. అతడు ఒకే సంతతికి చెందిన ఎలుకలను గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు సిక్కుల తిండి, ఒక గుంపుకు పఠాన్ల తిండి, ఇంకో గుంపుకు బెంగాలీల తిండి, మరొక గుంపుకు మద్రాసీల తిండి పెట్టించాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న సిక్కు గుంపు అందరికంటే ఏపుగా పెరిగింది. బియ్యమే ప్రధానంగా తిన్న గుంపులు అడుగున నిలిచాయి.

ఈ ప్రయోగంలో రెండు ముఖాలున్నాయి. మొదటిది ప్రగతిశీలమైనది. పంజాబీ ‘యోధ జాతి’, బెంగాలీ ‘పిరికి జాతి’ అని తెల్లదొరలు సైన్యంలో భర్తీకి పెట్టుకున్న సిద్ధాంతాన్ని, ఆ దొరల కొలువులో ఉన్న వైద్యుడి బోనులోని ఎలుకలే పడగొట్టాయి. జాతి ఒక్కటే అయినా పళ్లెం మారేసరికి దేహం మారింది. రెండో ముఖం దాని పరిమితి. ‘మద్రాసీ తిండి’ అన్నారే, ఏ మద్రాసీ? తంజావూరు మిరాసీదారుదా, అతని పొలంలో నాట్లు వేసే పాలేరుదా? గోదావరి డెల్టాలో భూస్వామి విస్తరికీ పాలికాపు ముంతకూ పోలిక ఎక్కడ? తినే తిండి ప్రాంతాన్ని బట్టి మారుతుందన్న మాట నిజమే. కాని ఒకే ప్రాంతంలో, ఒకే వీధిలో అది వర్గాన్ని బట్టి మారుతుంది. ఆ రెండో విభజన రేఖ మెకారిసన్ పట్టికల్లో కనిపించదు.

ఆ రేఖ మీదికే నేరుగా వచ్చిన పరిశోధకురాలు లూసీ విల్స్. 1888లో పుట్టిన ఈ ఇంగ్లీషు వైద్యురాలు 1928 చివరలో బొంబాయికి వచ్చింది. బాలింతలూ చూలింతలూ ఎందుకు చనిపోతున్నారో తెలుసుకోవడానికి ఏర్పాటైన విచారణలో భాగంగా ఆమెను పిలిపించారు. ఆమె పనిచేసిన హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ బట్టల మిల్లుల నడుమ, పరేలులో ఉంది. అది ఏ సంవత్సరమో చరిత్ర విద్యార్థులు మరువరాదు. ఆ ఏడాదే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సుమారు లక్షన్నర మంది మిల్లు కార్మికులు సమ్మె చేశారు, ఆ పోరాటంలోనే గిర్నీ కామ్‌గార్ యూనియన్ పుట్టింది. ఆ ఏడాదే జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయ బిల్లును డాక్టర్ అంబేద్కర్ సమర్థించారు. 1929లో అది చట్టమైంది. అంటే గర్భిణి శరీరం అప్పటికే ఆస్పత్రి వార్డును దాటి, వీధిలోనూ శాసనసభలోనూ వివాద విషయమైంది.

మిల్లు కూలీల ఇళ్లలోని గర్భిణులకు ఒక ఘోరమైన పాండురోగం వచ్చేది. రక్తకణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో ఉబ్బేవి. మనిషి పాలిపోయి, ఆయాసపడి, ప్రసవానికి ముందో వెనుకో ప్రాణం విడిచేది. విల్స్ సూక్ష్మదర్శినికే అంటిపెట్టుకోలేదు. ఎవరు ఏం తింటున్నారో విచారించి లెక్క రాసింది. కలిగిన కుటుంబాల్లో ఈ జబ్బు అరుదు. పేద ముస్లిం స్త్రీలలో ఎక్కువ. వారి తిండిలో కూరగాయలు, పండ్లు, పాలు దాదాపు లేవు. సూక్ష్మజీవి కోసం వెతికినవారికి దొరకని కారణం ఆమెకు వంటింటి దరిద్రంలో కనిపించింది.

కనిపించినది రుజువు కావాలి. 1929లో ఆమె కొంతకాలం కూనూరులో మెకారిసన్ ప్రయోగశాలలో పనిచేసింది. బొంబాయి పేద స్త్రీల తిండిని పోలిన తిండిని చూలు ఎలుకలకు పెట్టింది. వాటికీ రక్తం తగ్గింది. ఈనకముందే చనిపోయినవి ఉన్నాయి. అదే తిండికి ఈస్టు చేర్చితే ఆ ప్రమాదం తప్పింది.

ఇక్కడ కథ ఒక మలుపు తిరిగింది. ఆ ఎలుకల రక్తంలో బార్టొనెల్లా అనే సూక్ష్మజీవి బయటపడింది. ఎలుకల ఒంటి మీది పేల ద్వారా అది వ్యాపిస్తుంది. కనుక ఎలుకకు వచ్చిన పాండురోగమూ స్త్రీకి వచ్చిన పాండురోగమూ ఒకటి కావు. విల్స్ ఈ సంగతిని మరుగుపరచలేదు. తిండిలోటు వల్ల ఎలుకల్లో బార్టొనెల్లా రోగం ఎలా తలెత్తుతుందో 1931లో మెహతాతో కలిసి ప్రకటించింది. తరువాత కోతులతో మళ్లీ ప్రయోగాలు చేసి మొదటి ప్రశ్నకు జవాబు వెతికింది. శాస్త్రం నిజాయితీ అంటే ఇది. కాని ఆ చిక్కులోనే ఒక గొప్ప పాఠం దాగి ఉంది. సూక్ష్మజీవి ఎలుక ఒంట్లో ముందునుంచే నక్కి ఉంది. దానికి తలుపు తీసినది మాత్రం చాలని తిండి. రోగానికి క్రిమి కారణమా, ఆకలి కారణమా అని వాదించేవారు ఈ ఎలుకను ఒకసారి చూడాలి. అర్ధాకలి దేహంలో ఆ రెండూ ఒకదాని చేయి ఒకటి పట్టుకునే నడుస్తాయి.

ఎలుక చూపిన దారిలో విల్స్ స్త్రీల దగ్గరికి తిరిగి వచ్చింది. అప్పటికి పాండురోగానికి లోకమంతటా మెచ్చిన మందు కార్జం సారం. దాని ఖరీదు పేదలకు అందేది కాదు. ఆమె మార్మైట్ అనే ఈస్టు సారాన్ని వాడి చూసింది. బీరు తయారీలో మిగిలిన ఈస్టుతో చేసే చవక సరుకు అది. రోగులు కోలుకున్నారు. 1931 తొలి నెలల్లో ఆమె మద్రాసులోని క్యాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో కూడా పనిచేసింది. అదే సంవత్సరం ఫలితాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించింది. ఈస్టులో ఉన్న ఆ పేరులేని రక్షక పదార్థాన్ని తరువాతివారు ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్నారు.

దానికి రూపం దొరకడంలో ఒక తెలుగువాడి పాత్ర ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు ఆయననూ పట్టి వదిలింది. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధక బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. విల్స్ వెతికిన పదార్థం అదే. ఆయన సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూకు కూడా అది మందుగా పనికివచ్చింది. 1948లో సుబ్బారావు మరణించారు.

ఎలుక అంతటితో సాక్ష్యం ముగించలేదు. 1952లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో మార్జొరీ నెల్సన్, ఎవాన్స్ తదితరులు చూలు ఎలుకలకు ఫోలిక్ ఆమ్లం అందకుండా చేశారు. పిల్లలు అనేక అంగవైకల్యాలతో పుట్టాయి. పిండం అవయవాలు రూపుదిద్దుకునే వేళ కొద్దికాలం లోటు పడినా చాలునని 1955లో వారే చూపించారు. ఆ ఫలితం మానవ వైద్యంలో తిరుగులేని రుజువుగా నిలవడానికి మరో మూడున్నర దశాబ్దాలు పట్టింది. వెన్నుపాము గొట్టం పూర్తిగా మూసుకోని బిడ్డను ఒకసారి కన్న 1,817 మంది స్త్రీలతో 7 దేశాల్లో పరీక్ష జరిగింది. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గుతుందని 1991లో తేలింది. ఆ మాత్రకు అయ్యే ఖర్చు అత్యల్పం. శాస్త్రం మానవాళికి చేసిన నికరమైన మేలు ఇది. ప్రయోగశాల అంతా పెట్టుబడిదారుల ఆట అని కొట్టిపారేసే అతివాద మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి.

అయితే సమాజం ఎలుక సాక్ష్యాన్ని ఎంతమేరకు స్వీకరించింది? సరిగ్గా మాత్ర మేరకు స్వీకరించింది. 1970లో భారత ప్రభుత్వం గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచే పథకం ప్రారంభించింది. అర్ధ శతాబ్దం గడిచాక, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. 2015–16 సర్వేలో అది 50.4 శాతం. అంటే తగ్గకపోగా పెరిగింది. రక్తహీనతకు కారణాలు అనేకం. ఇనుము లోటు, నులిపురుగులు, మలేరియా, వెంటవెంట కాన్పులు అన్నీ ఉన్నాయి. మాత్ర వ్యర్థమని ఎవరూ అనరాదు. దాన్ని ప్రతి గడపకూ చేర్చవలసిందే. కాని విల్స్ లెక్క రాసుకున్నది మాత్రల లోటును కాదు, పాలు, పండ్లు, కూరగాయల లోటును. ఆ లోటు పేరు కూలిరేటు. ఎలుకకు ఈస్టు పెట్టే చేయి ఒకటి ఉంది. మిల్లు కూలి స్త్రీకి పెట్టే చేయి ఏది? ప్రయోగంలో బోను బయట నిలబడే ఆ చేయిని శాస్త్రపత్రం లెక్కలోకి తీసుకోదు. సమాజ చరిత్ర రాసేవాడు తీసుకోక తప్పదు.

ఆకలి సంగతి ఇది. భయం సంగతి మరొకటి. 1957లో థాంప్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆడ ఎలుకలకు బజరు మోగించి విద్యుద్ఘాతం ఇచ్చాడు. తలుపు తెరుచుకుని పక్క అరలోకి పోతే ఘాతం తప్పుతుందని అవి నేర్చుకున్నాయి. అవి చూలు కట్టిన తరువాత ఘాతం మానేశాడు. బజరు మాత్రం రోజూ మోగించాడు, తలుపు బిగించాడు. ఆ తల్లుల పిల్లలు పెద్దవై కొత్త చోట అడుగు వేయడానికి జంకాయి. ఇది తల్లి పెంపకంలోని తేడా కావచ్చునేమోనని, పిల్లలను తల్లులకు మార్చి కూడా చూశాడు. కడుపులో పడిన భయం కడుపు దాటి వచ్చిందని తేల్చాడు.

ఈ ఫలితాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. ‘చూలింత మనసు ప్రశాంతంగా ఉంచుకోవాలి, లేకపోతే బిడ్డకు చేటు’ అని నీతి చెప్పడం మొదటి రకం. గ్రహణం చూడరాదు, గడప మీద కూర్చోరాదు అన్న పాత ఆంక్షలకు ఇది కొత్త తొడుగు. బిడ్డకు ఏ లోపం వచ్చినా నేరం తల్లి మీదికే పోతుంది. రెండో రకం ప్రయోగాన్ని ఉన్నదున్నట్లు చదవడం. బజరు మోగించింది ఎలుక కాదు, తలుపు బిగించిందీ ఎలుక కాదు. అప్పులవాడి కేక, మేస్త్రి బూతు, మగని దెబ్బ, రేపు పని ఉంటుందో లేదోనన్న దిగులు – ఇవన్నీ తలుపు బిగించిన గదిలో మోగే బజర్లే. ఎలుక నుంచి మనిషికి గుడ్డిగా లంకె వేయరాదు, నిజమే. అయితే తలుపు ఎవరు బిగించారని అడగడానికి ఎలుక అనుమతి అక్కరలేదు.

నిరాశకు మాత్రం చోటు లేదు. కడుపులో పడిన దెబ్బ విధిలిఖితం కాదని కూడా ఎలుకే చెప్పింది. 1990లో వాక్‌ష్లాక్, వైన్‌స్టాక్ అనే పరిశోధకులు చూలులో ఒత్తిడికి గురైన తల్లుల పిల్లలను పుట్టిన తొలి రోజుల్లో చేతుల్లోకి తీసుకుంటూ వచ్చారు. ఆ పిల్లల నడవడిలోని వికారాలు సర్దుకున్నాయి. బ్రతుకు పరిస్థితులు చేసిన గాయాన్ని బ్రతుకు పరిస్థితులే మాన్పగలవు. పుట్టుకతోనే పేదవాడు పనికిరానివాడని చెప్పే ప్రతి సిద్ధాంతానికీ ఇది ఎదురుదెబ్బ.

కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే ఈ చరిత్ర మన ఇంటి ముంగిటి చరిత్ర. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గని సహాయం హక్కు అన్నది. 2017లో వచ్చిన పథకం దాన్ని మొదటి కాన్పుకు 5,000గా కుదించింది. రెండో కాన్పు తల్లికి ఆకలి వేయదన్నట్లు! పొలంలో, బట్టీలో, ఇళ్లలో పనిచేసే స్త్రీకి జీతంతో కూడిన ప్రసూతి సెలవు అన్న మాటే దూరం. 1928లో పరేలు వీధుల్లోనూ శాసనమండలిలోనూ లేచిన ప్రశ్న తొంభై ఏళ్లు దాటినా అక్కడే నిలిచి ఉంది.

ఉపాధ్యాయులు విటమిన్ల పాఠం చెప్పేటప్పుడు ‘ఏ లోటుకు ఏ జబ్బు’ అన్న పట్టికతో ఆగిపోతారు. ఆ పట్టికకు ఇంకొక గడి చేర్చాలి: ఆ లోటు ఎవరి ఇంట్లో, ఎందువల్ల? లూసీ విల్స్ తన జీవితపు చివరి దశాబ్దంలో లండన్‌లోని చెల్సీలో లేబర్ పార్టీ తరఫున పురపాలక సభ్యురాలిగా పనిచేసి 1964లో మరణించింది. ప్రయోగశాలలో మొదలైన ప్రశ్నకు సమాధానం ప్రయోగశాల బయట కూడా వెతకాలని ఆమె నడిచిన దారే చెబుతున్నది. తెల్ల ఎలుక తన సాక్ష్యం ఎప్పుడో చెప్పింది. తీర్పు చెప్పవలసింది, అమలు జరపవలసింది మనుషులు.